సోమ, బుధ, శుక్రవారాల ఓడ

ఆ సీరియల్ రాసినవాడెవడో నా కంటబడితే చెంప ఛెళ్లుమనిపించేదాన్ని. శుక్రవారం నాడు ఓడలో మంటలు లేచి డాక్టరు చచ్చిపోయాడు. మీద గుడ్డ కప్పారు, అందరూ ఏడ్చారు. సోమవారం చూస్తే అదే డాక్టరు, అదే తెల్లకోటు, ఎవరికో సూది వేస్తున్నాడు. నువ్వెలా బతికావయ్యా అని అడిగే దిక్కు లేదు. నాకు ఒళ్లు మండింది. పక్క మంచం మీది అక్క మాత్రం, సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి కదలకుండా, కుడిచేత్తో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గసొంటి డాక్టరు మనకు దొరికితే మంచిగుండు చెల్లె. సచ్చిపోయినా డ్యూటీకి వస్తాండు."

హనుమకొండలో, కిడ్నీలు చెడిపోయినవాళ్ల రక్తాన్ని మిషన్ మీద కడిగే గది అది. వారానికి మూడుసార్లు పోవాలి, పోయినప్పుడల్లా నాలుగు గంటలు పడుకోవాలి. నాదీ అక్కదీ సోమ, బుధ, శుక్రవారాల పొద్దుటి బ్యాచ్. నేను వరంగల్‌లో ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన బండి మీద దింపి తన పనికి పోయేవాడు. అక్కది నర్సంపేట దాటాక ఒక ఊరు. తెల్లారకముందే భర్తతో బస్సెక్కి వచ్చేది. ఆయన బయట మెట్ల మీద తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు, ఆమె పని అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అక్క నాకు చుట్టమేమీ కాదు. మొదటి రోజే నన్ను చెల్లె అని పిలిచింది, నేను అక్కా అన్నాను. అప్పటి నుంచి అదే వరస.

మా మంచాల ఎదురుగా గోడకు టీవీ ఉండేది. పొద్దున పదకొండు దాటాక అందులో ఈ సీరియల్ వచ్చేది. ఏదో పరాయి దేశానిది, తెలుగులోకి మార్చారు. ఒక పెద్ద ఓడ ఆకాశంలో ఇంకో లోకానికి పోతూ ఉంటుంది. ఆ లోకం చాలా దూరం కాబట్టి జనం గాజుపెట్టెల్లో, ఒంటినిండా పైపులతో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటారు. ఓడ నడిపే కొంతమంది మాత్రం మేలుకుని ఉంటారు. ఆ పెట్టెలు చూసి అక్క మొదటి రోజే ఒక మాటంది. "వీళ్లు గూడ మనసొంటోళ్లే. గని వీళ్లకు నిద్రవడ్తాంది."

మాకు నిద్ర పట్టేది కాదు. తల పక్కకు తిప్పితే మన రక్తమే మన కళ్ల ముందు గొట్టాల్లో తిరుగుతూ కనిపిస్తుంది. మూడో గంట దాటాక పిక్కలు పట్టేస్తాయి, చలి పుడుతుంది. ఇంటికి పోయాక ఆ పూట మనిషి పీనుగే. అంత నరకంలో మాకు దొరికిన ఒక్క సుఖం ఆ కథలో తప్పులు పట్టడం. కెప్టెనమ్మకు బుధవారం భుజాల దాకా ఉన్న జుట్టు శుక్రవారానికి మగవాడి క్రాపు. ఒకరోజు ఓడకు చిల్లు పడి గాలంతా పోతుంది, తర్వాత అందరూ తీరిగ్గా కూర్చుని ఏదో తింటుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. సూదులు ఉన్నాయనే సంగతి కూడా మరిచి తిడుతుంటే, మిషన్లు చూసే టెక్నీషియన్ అమ్మాయి పరుగున వచ్చింది.

"ఎందుకమ్మా అంత కోపం? బీపీ చూడండి ఎంతుందో."

"మరేం కథ ఇది? మొన్న సచ్చినోడు ఇయ్యాల లేస్తాండు," అన్నాను.

ఆ పిల్ల ఒక్క నిమిషం మా ఇద్దరి మొఖాలూ చూసి పడి పడి నవ్వింది. "అది రోజూ వస్తది అమ్మా. మంగళ, గురు, శనివారాలు మీరిక్కడ ఉండరు కదా."

మా ఇద్దరికీ సిగ్గేసింది. నెలల తరబడి మేం ఆ సీరియల్ మా మూడు రోజులే వస్తుందని అనుకున్నాం. ఎవరికి చెప్పినా నవ్వుతారు, మా ఆయనైతే వారం రోజులు ఏడిపించాడు. కానీ మాకు వారంలో లెక్కలోకి వచ్చేవి ఆ మూడు రోజులే. మిగతావి వాటి నుంచి తేరుకోవడానికీ, మళ్లీ వాటికి భయపడడానికీ సరిపోయేవి. లోకం కూడా మా బ్యాచ్ ప్రకారమే నడుస్తుందని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టామో మాకే తెలియదు.

ఇక నుంచి మిగతా రోజులవి ఇంట్లో చూసుకుని వస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. వాళ్లింట్లో ఆ ఛానల్ రాదు.

"నువ్వు చూసి నాకు చెప్తే అది చెప్పుడైతది గని చూసుడైతదా? ఇద్దరం చూడద్దు. నడుమ ఏమైందో మనమే అల్లుకుందాం."

ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఆ తర్వాత మాకు కాలక్షేపం రెండింతలైంది. ఏ తప్పు కనిపించినా, అది మేం చూడని రోజు వల్ల వచ్చిందా, రాసినవాడి తెలివితక్కువతనం వల్లా అని తేల్చాలి. డాక్టరుకు కవల తమ్ముడున్నాడని అక్క, కాలింది వేరే మనిషని నేను. తగువు తెగకపోతే టెక్నీషియన్ పిల్లే పంచాయితీ పెద్ద, ఆమె అన్ని రోజులూ చూస్తుంది కాబట్టి. అక్క అడిగే కొన్ని ప్రశ్నలకు ఆమె దగ్గర కూడా జవాబు ఉండేది కాదు. అన్నేళ్ల ప్రయాణంలో వాళ్లు బట్టలెక్కడ ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు, ఒక్క దండెం కూడా కనిపించదేం అని అక్క అడిగింది. నేను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను.

ఆ ఓడలో ఒక వంటాయన ఉండేవాడు. బొద్దుగా, అందరినీ ఆటపట్టిస్తూ. ఉన్నట్టుండి అతను కనిపించడం మానేశాడు. రెండు వారాలు ఎదురుచూశాం. మిగతా రోజుల్లో కూడా రాలేదని, అతని పేరే ఎవరూ ఎత్తలేదని టెక్నీషియన్ పిల్ల చెప్పింది. ఇది ఖాయంగా రాసినవాడి తప్పేనని తేల్చాం. అక్కకు మాత్రం అంతటితో ఆగబుద్ధి కాలేదు.

"గంతమంది తింటాన్రు గదా, ఒక్కరన్న అడగద్దా? నిన్నటిదాంక వండిపెట్టినోడు ఏడవోయిండని?"

ఆమె మామూలుగానే అంది గానీ గదంతా వినబడింది. కిటికీ పక్క మంచంలో ఉండే పెద్దాయన వారం నుంచి రావడం లేదు. ఆ మంచం మీద అప్పటికే ఇంకెవరో ఉన్నారు. మాలో ఎవరం అడగలేదు. ఆ గదిలో అది రివాజు. మంచం మీద మనిషి మారితే టీవీ వైపు చూడాలి. కొత్తవాళ్లెవరైనా తెలియక అడిగితే, బ్యాచ్ మారిండని చెప్తారు. అక్కకు తానన్నదేమిటో అప్పుడు అర్థమైంది. గోడ వైపు మొఖం తిప్పుకుంది.

పత్తి ఏరే రోజులు వచ్చేసరికి అక్క మధ్యమధ్యలో రాకుండా తప్పించడం మొదలుపెట్టింది. ఒక సోమవారం రాలేదు. బస్సు పోయిందంది. తర్వాత ఇంకో బుధవారం. ఆ శుక్రవారం వచ్చినప్పుడు మొఖం పొంగి కళ్లు పూడుకుపోయి ఉన్నాయి. ఒక్కసారి తప్పినా ప్రాణం మీదికొస్తుందని డాక్టరు కేకలేశాడు. ఆయన పోయాక ఆయన్ను మించి నేను తిట్టాను. నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు తిట్లే వస్తాయి.

"యాష్టకొస్తాంది చెల్లె," అంది అక్క. "బస్సుల పోవుడు, సూదులు గుచ్చుకునుడు, మల్ల బస్సుల వచ్చుడు. గిదొక్కటే బతుకైపాయె. గీ చేతులతోని జర పత్తి ఏరితే నేను గూడ మనిషినే అనిపిస్తాంది."

తిడితే వినే మనిషి కాదు. బతిమాలితే నవ్వుతుంది. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే మిగిలింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, మంగళవారం నాడు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం ఆమెకు ఫోన్ చేశాను.

"అక్కా, కెప్టెనమ్మ అసలు మనిషే కాదట."

"అగ్గో. గట్లెట్ల? మొన్ననే బిడ్డను కన్నది గదా."

"రేపు రా, చెప్తా."

వచ్చింది. సూదులు గుచ్చుతుంటే కూడా నా వైపే చూస్తూ, చెప్పు చెప్పు అంటోంది. ఆ ఉపాయం బాగానే నడిచింది. కాకపోతే సీరియల్ మీద అన్ని రోజులూ ఆధారపడలేం, కొన్ని రోజులు అందులో ఏమీ జరిగేది కాదు. అలాంటప్పుడు నేనే అల్లేదాన్ని. ఓడలో దొంగచాటుగా ఒక పిల్లను పెంచుతున్నారన్నాను. గాజుపెట్టెలో పడుకున్న ముసలామె లేచి డాక్టరును కొడుకా అని పిలిచిందన్నాను. జాకెట్లు కుడుతూ అదే ఆలోచన. ఒకసారి ధ్యాస ఓడ మీద ఉండి ఎవరిదో జాకెట్టుకు కుడి చెయ్యి తెచ్చి ఎడమకు కుట్టాను. మర్నాడు మంచం మీద అక్క నా కథలో తప్పు పట్టేది. నేను దానికొక అతుకు వేసేదాన్ని. అలా ఎన్ని వారాలు లాగానో చెప్పలేను. ఆమె మొఖంలో పొంగు కొంచెం తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మళ్లీ ఒక సోమవారం రాలేదు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. బుధవారమూ రాలేదు. శుక్రవారం నేను పోయేసరికి ఆ మంచం మీద ఎవరో కొత్తామె పడుకుని ఉంది. నాకు సూదులు గుచ్చాక టెక్నీషియన్ పిల్లను అడిగాను. ఆమె నా మిషన్ మీటలు సరిచేస్తూ, నా వైపు చూడకుండా, "బ్యాచ్ మారిందేమో అమ్మా," అంది.

"ఆ మాట నాకు చెప్పకు," అన్నాను. గదిలో అందరూ టీవీ వైపు తిరిగారు. కుడిచేత్తో ఫోన్ అందుకుని మళ్లీ చేశాను. ఈసారి ఆమె భర్త ఎత్తాడు.

"మీ అక్క ఇగ రానంటాంది బిడ్డా," అన్నాడు. అన్ని నెలల్లో ఆయన గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. "నేను చెప్పి చెప్పి ఓడిపోయిన. నువ్వు మాట్లాడు."

అక్క గొంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఆయాసం. నేను ఆమెను మాట్లాడనివ్వలేదు. నీకు బుద్ధుందా, మొగుడి ఫికరుందా, నా ఫికరుందా అని దులిపేశాను. ఆ తర్వాత గొంతు మార్చి, ఇవాళ ఓడ దిగుతుంది, సోమవారం ఆ కొత్త లోకం చూపిస్తారు, ఒక్కసారి వచ్చి చూసిపో అన్నాను.

"నువ్వు అల్లి చెప్తానవ్ చెల్లె."

"లేదక్కా, నిజం."

"ఎన్నడో ఎరుకైంది నాకు. కెప్టెనమ్మ మనిషి కాదంటివి. మల్ల ఆమెకు జరమొచ్చిందంటివి."

"మరి తెలిసీ ఎందుకచ్చినవే?"

"నువ్వు గంత కష్టపడి చెప్తానవ్ గదా అని వచ్చిన. ఇగ నాతోని కాదు. నువ్వు మాత్రం తప్పకు." కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఏదో దొంగ సంగతి చెప్పే ఆడపిల్లలా గొంతు తగ్గించింది. "చెల్లె, నీళ్లు తాగుతాన. కడుపు నిండ."

మా రోగంలో తాగిన నీళ్లు బయటికి పోవు. లోపలే నిలిచి, ఊపిరితిత్తులకెక్కి మనిషిని ముంచుతాయి. అందుకే మాకు రోజుకు చిన్న గ్లాసులతో కొలత. ఎండాకాలంలో ఐసుముక్క చప్పరించి, నాలుక తడిపి ఊరుకుంటాం. నేను కడుపునిండా నీళ్లు తాగి ఎన్నేళ్లయిందో.

"చెంబెడు తాగిన. మల్ల ముంచుకున్న," అంది అక్క. "మన బోరు నీళ్లే. ఎంత కమ్మగున్నయో."

తాగకే అక్కా అని అరవాల్సింది. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు ఆమె మీద ఈర్ష్య పుట్టింది. ఫోన్‌లో ఆమె గుటక వేసిన చప్పుడు వినిపించింది. నా నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, ఇంకో గుటక కోసం విన్నాను.