సాక్ష్యం చెప్పని డీవీడీ

దేశాలు నదుల కోసం, చమురు బావుల కోసం కొట్టుకుంటాయని చదివాను. మా ఇంట్లో గోరంత కుంకుమ కోసం అంతకంటే పెద్ద యుద్ధమే నడిచింది, అది కూడా ఏళ్ల తరబడి, ఒక్క మాట లేకుండా.

మా చెల్లెలి పెళ్లినాడు మార్కాపురంలో కల్యాణమండపం గుమ్మం దగ్గర మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి, వచ్చిన ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి లోపలికి పంపింది. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలైన మా మేనత్త గిద్దలూరు అవతలి పల్లె నుంచి వచ్చి అదే గుమ్మంలో నిలబడింది. అమ్మ తనను దాటేసి వెనకున్నావిడకు బొట్టు పెట్టిందని అత్త ఆరోపణ. పెట్టానని అమ్మ వాదన. ఆ అవమానంతో మెతుకు ముట్టకుండా వెళ్లిపోయానని అత్త చెబుతుంది. ముట్టకపోవడమేమిటి, పెరుగు రెండుసార్లు వేయించుకుందని అమ్మ చెబుతుంది. ఆనాటి నుంచి మా ఇంటికీ గిద్దలూరుకూ మధ్య బస్సులు తిరిగాయి గానీ వీళ్లిద్దరి మాటలు తిరగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి కుదిరింది. కార్డు తీసుకుని నేను గిద్దలూరు వెళ్లాను. అత్త నాకు అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, కార్డును మాత్రం కవరు విప్పకుండా టీవీ మీద పెట్టి, గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారని ఒకే ఒక ప్రశ్న అడిగింది. నేను మజ్జిగ గ్లాసు ఎత్తుకున్నాను. కార్డు టీవీ మీదే ఉండిపోయింది.

భార్యకూ చెల్లెలికీ మధ్య నాయన ఇన్నేళ్లూ తటస్థ దేశంలా బతికాడు. ఎవరేమన్నా పేపరు అడ్డం పెట్టుకునేవాడు. నేను తిరిగొచ్చి సంగతి చెప్పిన రోజు ఆ పేపరు కిందికి దించాడు.

"అది రాకపోతే నేను పందిట్లో కూచోను" అని, మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

నాయన మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే మార్చడు. మనవరాలి పెళ్లిలో తాత కుర్చీ ఖాళీగా కనబడితే వియ్యాలవారికి ఏం చెప్పాలో నేను రాత్రింబగళ్లు సాధన చేయడం మొదలుపెట్టాను. అప్పుడు అమ్మ తన బ్రహ్మాస్త్రం తీసింది.

"ఆ పొద్దు గుమ్మంకాడ వీడియో తీసినారు గదా. వచ్చి చూడమను. నేను పెట్టకపోయింటే గిద్దలూరు పోయి దాని కాళ్లు పట్టుకుంటా. పెట్టింటే నోరు మూసుకుని పెండ్లికి రావల్ల."

ఫోనులో ఈ సవాలు చేరవేశాను. గురువారం బస్సుకు వస్తానని అత్త ఒప్పుకుంది.

చెల్లెలి పెళ్లి డీవీడీ పట్టుచీరల పెట్టెలో దొరికింది. కలరా ఉండల వాసన పట్టి, అద్దంలా మెరుస్తూ, ఒక్క గీత లేకుండా, సాక్ష్యానికి సిద్ధంగా ఉంది. న్యాయస్థానమే లేదు. డీవీడీ ప్లేయరు ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది. ఇప్పటి కంప్యూటర్లకు డిస్కు మింగే నోరే ఉండదు. వీధి వీధంతా విచారిస్తే ఆ నోరున్న యంత్రం ఒక్కటే తేలింది, అది నా పాత ల్యాప్‌టాప్. చచ్చిపోయిందని అందరూ తీర్మానించాక, నేను విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించి లేపి కూర్చోబెట్టిన ల్యాప్‌టాప్. ఆ పునర్జన్మ కథ నేను ఊళ్లో చెప్పని మనిషి లేడు. టీ అంగడిలో నన్ను చూస్తే జనం గ్లాసులు పట్టుకుని బయటికి నడిచేవాళ్లు.

డిస్కు పెట్టాను. యంత్రం గుర్రుమంది, దగ్గింది, నిట్టూర్చింది, చివరికి లోపల డిస్కే లేదని ప్రకటించింది. పెట్టిన డిస్కు నా కళ్ల ముందే దాని కడుపులోకి వెళ్లింది. అయినా లేదంటుంది. అమ్మా అత్తల తగాదాలో ఇది మూడో పక్షంగా చేరిందనిపించింది.

మార్కాపురంలో ఏది చెడినా మొదటి ముద్దాయి పలకల ఫ్యాక్టరీల దుమ్ము. పైనా కిందా ఊదాను. లాభం లేదు. పాత పాటల సీడీ పెట్టి చూశాను. అదీ లేదంది. లైనక్స్‌లో బొమ్మల మీద నొక్కడం పిల్లచేష్ట, మగవాడన్నవాడు టెర్మినల్ అనే నల్లతెర తెరిచి ఆజ్ఞలు రాయాలని నా సిద్ధాంతం. నల్లతెర తెరిచి డ్రైవు ఉందా అని అడిగాను. ఉందని చెప్పింది, పేరూ ఊరూ కూడా చెప్పింది. మరి డిస్కు ఏదంటే లేదంది. ఇంటర్నెట్‌లో పరిష్కారాలు వెతికాను. డ్రైవు వాడేవాళ్లందరికీ ఒక గుంపు ఉంటుందట, అందులో నేను సభ్యుడిగా చేరాలని ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. నా ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లో, నేను సభ్యత్వం తీసుకున్నాను. లాగౌటై బయటికి వెళ్లి, లాగినై మళ్లీ లోపలికి వచ్చాను. డిస్కు లేదంది. కొత్త వీడియో ప్లేయరు దించాను. లేదంది. చివరికి లైనక్స్ మొత్తాన్నీ తుడిచి మళ్లీ ఎక్కించాను. ఒక ఊరిని ఖాళీ చేయించి తిరిగి కట్టినంత పని. కొత్త ఊరు కూడా డిస్కు లేదనే అంది.

దర్శిలో కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడికి ఫోను చేశాను. లెన్సు సంగతి చూశావా అన్నాడు. చూశాను, లేజరు నిక్షేపంగా వెలుగుతోంది, డిస్కు పెట్టే పళ్లెం బయటికి లాగినప్పుడల్లా ఎర్రగా కనబడుతోందని చెప్పాను. లేజరు ఎర్రగా ఉంటుందని నాకు తెలుసు. నాకు తెలియనిదేముంది. అయితే లైనక్స్‌లోనే ఏదో ఉందని అతను ఫోను పెట్టేశాడు.

గురువారం వచ్చింది, బస్సు వచ్చింది, అత్త వచ్చింది. ముందు వరండాలో నాయన పక్కన కూర్చుని నీళ్లు తాగింది. అమ్మ వంటింట్లోంచి పప్పు తిరగమోత చప్పుడు మాత్రమే పంపింది. తర్వాత ముగ్గురూ వచ్చి నా బల్ల చుట్టూ కూర్చున్నారు, నాయన మధ్యలో. నేను నల్లతెర మీద గంభీరంగా ఆజ్ఞలు కొడుతూ, కెర్నల్ అనే మహానుభావుడికీ డ్రైవుకూ మధ్య అవగాహన కుదరడం లేదని వివరించాను. అత్తకు అది కొత్తగా అనిపించినట్టు లేదు. డిస్కు తీసి తుడుద్దామని మీట నొక్కాను. పళ్లెం బయటికి వచ్చింది, డిస్కు చేతిలోకి తీసుకున్నాను. అత్త కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది.

"ఏంది అల్లుడా, దీనికి బొట్టు ఎవురు పెట్టినారు?"

లేజరు అత్తా అని నవ్వాను. అత్త నవ్వలేదు. వేలితో పళ్లెం మీది చిన్న గాజుకన్నును చూపించింది. దగ్గరికి పెట్టుకుని చూశాను. కింద ఎండిన గంధం, దాని మీద కుంకుమ. రోజుల తరబడి నేను లేజరని గౌరవించింది అదే.

మొన్న దసరాకు అమ్మ ఇంట్లో ఉన్న మిషన్లన్నిటికీ పూజ చేసింది. మిక్సీకి, నీళ్ల మోటారుకు, బండికి అయ్యాక ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తే చేయి తగిలి పళ్లెం బయటికి వచ్చిందట. నోరు తెరిచి అడుగుతున్నట్టు నిలబడిందట. లోపల కన్నులాంటిది కనబడితే దానికీ పెట్టిందట.

 అది విని అత్త ఇన్నేళ్లలో మొదటిసారి మా అమ్మతో నేరుగా మాట్లాడింది.

"నోరులేని మిషనుకు పెట్టినావు వదినా. మనిషిని నిలబడితే నీకు కనపడలేదా?"

"అది నిలబడింది, పెట్టినా. నువ్వు యాడ నిలబడితివి? నేను పెట్టింది గూడా చూడకుండా వంటోళ్ల మీద పడితివి గదా."

"పడకపోతే ఆ సాంబారు ఎవురు తాగుతారు?"

నాయన పేపరు కోసం వెతుక్కున్నాడు. కనబడలేదు.

అమ్మ దీపాలకు చేసి పెట్టుకున్న వత్తి ఒకటి తెచ్చి, కరోనా నాటి శానిటైజరులో ముంచి, ఆ కంటిని తుడిచాను. డిస్కు పెట్టి పళ్లెం తోశాను. నేను సభ్యత్వాలు తీసుకుని, ఊళ్లు ఖాళీ చేయించి సాధించలేని పని ఆ వత్తి సాధించింది. సన్నాయి మోగింది. తెర మీద కల్యాణమండపం గుమ్మం కనబడింది.

ముగ్గురూ తెర మీదికి వంగారు. అమ్మ బొట్లు పెడుతోంది. ఒకరు, ఇంకొకరు, వాళ్ల వెనక అత్త, చేతిలో సంచి, చూపు వంటల వైపు. అమ్మ వేలు కుంకుమలో ముంచింది, చేయి పైకెత్తింది. అంతలో తెర పుస్తకంలో పుట తిరిగినట్టు తిరిగింది, గులాబీ పువ్వులోంచి మా చెల్లెలు చేతులు జోడించి పైకి లేచింది. గులాబీ ముడుచుకునే సరికి గుమ్మంలో అత్త లేదు.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. నిదానంగా నడిపించి చూశాం. వేలు లేస్తుంది, పుట తిరుగుతుంది, గులాబీ విచ్చుకుంటుంది. వీడియో తీసినవాడు తన పనితనమంతా ఆ ఒక్క చోటే కుమ్మరించాడు. తర్వాత భోజనాల బంతిలో అత్త కనబడింది, నుదుట బొట్టుతో సహా. కానీ అత్త నుదుట ఎప్పుడూ రూపాయి కాసంత బొట్టు ఉంటుంది. అది ఇంట్లో పెట్టుకున్నదో గుమ్మంలో పెట్టించుకున్నదో ఏ లైనక్సూ తేల్చలేదు.

"పెరుగు మాత్రం రెండుసార్లే" అన్నాడు నాయన. ఈ కేసులో ఆయన ఇచ్చిన తీర్పు అదొక్కటే.

అత్త చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో కొంగు వెనక ఏముందో తెలియలేదు. అమ్మ లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లోకి కాదు, దేవుడి గదిలోకి. భరిణెతో తిరిగొచ్చి అత్త ఎదురుగా నిలబడి వేలు కుంకుమలో ముంచింది.

"పెండ్లికి రా అమ్మాయీ" అంది.

అత్త ఆ చేయి పట్టుకుని గాలిలోనే ఆపేసింది.

"ఆగు వదినా. అల్లుడా, నువ్వు ఫోను తియ్యి. పువ్వులూ గివ్వులూ రాకుండా తియ్యి."

తీశాను. అమ్మ వేలు, అత్త నుదురు, మధ్యలో ఏ గులాబీ లేకుండా. అత్త ఫోను తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూసి, బొట్టు కొంచెం ఎడమకు జరిగిందని అంది. అయినా సరే, ఉండనిమ్మంది. ఫోనులోవి ఎవరైనా చెరిపేస్తారు కాబట్టి దీన్ని డిస్కు చేసి ఇమ్మని, పెళ్లికి వచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పింది. నాయన ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలాడు.

చెల్లెలి డీవీడీ తీయడానికి మీట నొక్కాను. పళ్లెం నోరు తెరుచుకుని బయటికి వచ్చింది. అమ్మ చేతిలో భరిణె మూత ఇంకా తెరిచే ఉంది, వేలికి కుంకుమ ఇంకా ఉంది, చూపు పళ్లెం మీద పడింది. నేను డిస్కు తీసుకుని గబుక్కున పళ్లెం మూసేశాను.