గౌరి నోరు విప్పిన పీరియడ్

2023. జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో మా బడి చేతులు మారిన రెండో ఏడు. ఒకప్పుడది తెలుగు మీడియం సర్కారు బడి. పిల్లలు తగ్గిపోతే ప్రభుత్వం దాన్ని ఒక ట్రస్టుకు అప్పగించింది. విదేశాల్లో ఇలాంటివాటిని చార్టర్ స్కూల్ అంటారట. ఖర్చు సర్కారుది, నడిపేది ట్రస్టు. ఫీజు లేదు, సీటు మాత్రం లాటరీలో తగలాలి. తెలుగు చెప్పిన నేనే ఇప్పుడు హిందీలో లెక్కలు చెప్తున్నాను. బడి కళకళలాడుతోంది, కాదనను. అయినా ఏ పిల్ల నోటనైనా నాలుగు తెలుగు ముక్కలు వినాలని ప్రాణం కొట్టుకుపోయేది.

రెండో క్లాసు గౌరి మాత్రం ఏ భాషలోనూ నోరు విప్పేది కాదు. కొత్త యాజమాన్యం తెచ్చిన మంచి అలవాటు హోమ్ విజిట్, అంటే టీచరే పిల్ల ఇంటికి వెళ్ళి రావడం. వెళ్ళాను. తల్లి లక్ష్మి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కింద ఊడ్చే పనికి పోతుంది. నన్ను చూడగానే కంగారుగా హిందీ అందుకుంది.

"తెలుగులోనే చెప్పమ్మా, మాదీ శ్రీకాకుళం వైపే" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇంట్లో తెలుగు ఇనబడితే సీటు కేన్సిల్ సేసెత్తారని బస్తీలో అన్నారు మేడమ్. మా అత్తకి తెలుగు తప్ప ఏటీ రాదు. అందుకే జుగ్సలాయిలో మా ఆడబిడ్డింటికి పంపేసినాను. మా గుంట గౌరి ఆయమ్మ పక్కనే తొంగునేది. అప్పట్నించి ఇంట్లోనూ మాటాడ్డం మానేసింది."

"లాటరీలో వచ్చిన సీటు. ఎవరూ తియ్యరు. ఆ పిల్ల మాటే నువ్వు జుగ్సలాయి పంపేశావు" అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

పాత రోజుల్లో ఒక పీరియడ్ మార్చాలన్నా పై ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగాలి. ఇప్పుడు ప్రిన్సిపాల్‌ని అడిగితే చాలు. కొత్తగా ఒక కథల పీరియడ్ కావాలన్నాను. తెలుగు ముక్క రాని ఆయన, "వచ్చే వారమే పెట్టండి" అన్నాడు. ఇళ్ళలోని పెద్దవాళ్ళు వచ్చి తమ భాషలో కథ చెప్పే పీరియడ్ అది.

మొదట జుగ్సలాయి నుంచి గౌరి మామ్మనే పిలిచాం. ఆవిడ నక్క కథ మొదలుపెట్టింది. సగంమందికి అర్థంకాక క్లాసంతా గోల. గౌరి చటుక్కున లేచింది.

"చుప్ రహో! దాదీ కీ బాత్ మై బతాతీ హూఁ."

నోరు మూసుకోండి, మామ్మ మాట నేను చెప్తానని. మామ్మ తెలుగులో అంటుంటే మనవరాలు హిందీలో చెప్పుకుంటూ పోయింది. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నేను కోరుకున్న తెలుగు కాదది. అయినా ఆ పిల్ల గొంతు వినడమే నాకు చాలు.

బెల్లు కొట్టాక లక్ష్మి డ్యూటీ బట్టల్లోనే గుమ్మం దగ్గరికొచ్చింది. "అత్తా, ఇంటికెల్దాం రా."

"నాన్రాను. నానుంటే గుంట సీటు పోద్దన్నావు కదేటే?"

"పోదత్తా. పోయినా మాకు నువ్వే కావాల."

ఇలాంటి బళ్ళు పెరుగుతున్నాయి, మంచిదేనా అని చాలామంది అడుగుతారు. మంచిదే. కాని మంచి బడి దొరకాలంటే ఇంట్లో దేన్నో వదులుకోవాలని మావాళ్ళ భయం. ఆ భయం తీర్చడం కూడా నా ఉద్యోగమేనని లక్ష్మి వల్ల తెలిసింది. ఇప్పుడు లాటరీ రోజున వచ్చిన తల్లిదండ్రులతో అందరికన్నా ముందు నేనే లేచి మాట్లాడతాను, తెలుగులో.