మామిళ్ళ కాలంలో మా ఇంటి ఫైర్‌వాల్

పుస్తకంలో చదివినదాన్ని వెంటనే ఇంట్లో ప్రయోగించి చూడకపోతే ఆ చదువు పులిసిపోతుందని నమ్మే వయసొకటి నాకూ ఉండేది. ఆ రోజుల్లో బంగారుపాళ్యం చుట్టుపక్కల కంప్యూటరు ఉన్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళలో దాని రక్షణ గురించి ఆలోచించినవాణ్ణి నేనొక్కణ్ణే (అని నా నమ్మకం, విచారించి చూడలేదు). డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరికేదాకా నాయన మామిడి మండీలో చేదోడుగా ఉంటూ, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. అక్కడ కంప్యూటర్ల మీదున్న పుస్తకాలన్నీ చదివేశాను. ఒకదానికి అట్ట లేదు, ఇంకోదానికి చివరి అధ్యాయం లేదు. ఇంటర్నెట్టున్న కంప్యూటరుకు ఫైర్‌వాల్ లేకపోవడమంటే వాకిలి తెరిచిపెట్టి ఊరికి పోవడమేనని నాకు చెప్పింది ఆ అట్ట లేని పుస్తకమే.

ఆ ఏడు గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు లారీల టోకెన్లను ఇంటర్నెట్లో ఇవ్వడం మొదలుపెట్టారు. కాగితం మీద అచ్చువేసిన టోకెన్ చూపిస్తేనే గేటు తీస్తారు. అది కూడా ఆ పూటకే. దాటిపోతే లారీ మళ్ళీ వరుస చివరికి పోవాలి, అప్పటికి తోతాపురి కాయ పండి, పండు నీరుగారి, లారీ కిందనుంచి కారుతుంది. అందుకని మా ఇంటి లోపలి గదిలో కొత్త కంప్యూటరు, దానికి నెట్టు వచ్చాయి. ప్రింటరు మాత్రం ముందుగదిలోని పాత కంప్యూటరుకు ఉండేది. రెండింటికీ మధ్య గుమ్మం మీదుగా వైరు లాగాము. ఇంత ముఖ్యమైన యంత్రాన్ని గాలికి వదిలేస్తానా? పత్రికతో వచ్చిన డిస్కులో మూడు ఫైర్‌వాల్‌లు దొరికాయి. మొదటిది నెల తర్వాత పనిచేయదట. రెండోది ఎవరినీ ఏమీ అడగకుండా తన పని తాను చేసుకుపోతుందట. మూడోది ప్రతిదానికీ యజమాని అనుమతి అడుగుతుందట. నావంటి చదువరిని అడగకుండా నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ నాకెందుకు? మూడోదాన్నే ఎక్కించి, దానికొక పాస్‌వర్డు పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు (అట్ట లేని పుస్తకం అలాగే చేయమంది).

అది నిజంగానే ప్రతిదీ అడిగింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి వాక్యం చదివి జవాబిచ్చాను. మొట్టమొదటి ప్రశ్న: ఈ నెట్‌వర్క్ ఉన్నది ఇల్లా, ఆఫీసా, బహిరంగ ప్రదేశమా? నేను గుమ్మంలోంచి ముందుగదిలోకి చూశాను. సీజన్ కాబట్టి మండీకొచ్చిన రైతులు బెంచీల మీద కునుకు తీస్తున్నారు. లారీ క్లీనరెవరో మా అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. ఎవరి తాలూకో తెలియని పెద్దాయన ఒకాయన మా పేపరు చదువుతూ, మా అమ్మనే మంచినీళ్ళు అడుగుతున్నాడు. యంత్రానికి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. ‘బహిరంగ ప్రదేశం’ అని నొక్కాను.

మర్నాడు మధ్యాహ్నం టోకెన్ వచ్చింది. నిండు లారీ ఎండలో వాకిట్లో ఉంది. ప్రింట్ నొక్కాను. ముందుగదిలో ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాను. ప్రోగ్రాముల్లో ఒక్కొక్కదానికీ అనుమతులిచ్చి, ఇచ్చినప్పుడల్లా మళ్ళీ నొక్కాను.

“ఏందిరా, చీటీ రాలా?” అన్నాడు నాయన గుమ్మంలోంచి.

“ఫైర్‌వాల్ అడ్డుకుంటా ఉండాది నాయనా. రూలు యాడ తప్పిందో వెతకతా ఉండా.”

“మన కంప్యూటరు మన ప్రింటరుకు చెప్తే అదెవురు మధ్యలో అడ్డుకునేదానికి? ఆపేయ్ దాన్ని.”

“ఒక్క నిమిషం కూడా ఆపకూడదని పుస్తకంలో ఉండాది. ఎవురూ ఆపకుండా పాస్‌వర్డు కూడా పెట్టినా, అది నాకు తప్ప ఎవురికీ తెలీదు.”

మా అమ్మ తమ్ముడు, అంటే మామ, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. “దీంట్లో ఏసియ్‌రా, ఆ కంప్యూటర్లో పెట్టి తీస్తాం. పాటలుండాయి, తుడిపేయొద్దు.” ఆ పెన్‌డ్రైవ్ పలమనేరు దాకా దూరని కంప్యూటరు లేదు. నా ప్రాణం పోయినా దాన్ని రానివ్వనన్నాను.

“నా ఇంట్లో, నా కంప్యూటరుకి, నాకు తెలీని తాళమా!” నాయన గొంతు పెరిగింది. “సూడబ్బోడా, డ్రైవరు టీ తాగేసరికి చీటీ నా సేతిలో ఉండల్ల. లేదంటే ఆ పెట్టెను ఊడబెరికి లారీలోనే ఏసి పంపిస్తా. నువ్వు రేపట్నించి లైబ్రరీ మొకం సూస్తే ఒట్టు.”

సేలం డ్రైవరు గుమ్మానికి ఆనుకుని, “మెల్లగా చెయ్యి తంబీ, నాకేం తొందర? కాయికే తొందర,” అన్నాడు. తొందర నాకూ ఉంది. ఒక్క లారీ కాయ కోసం కాదు, నిజం చెప్పాలంటే. ఇక్కడ ఓడితే నేను చదివినదంతా పనికిరాని చదువేనని ఆ గది మొత్తం తీర్మానించేస్తుంది. పళ్ళు బిగించి, మొదటి రూలు నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. సాయానికని నా వెనక క్రమంగా గదినిండా జనం చేరారు.

అప్పుడు టీ గ్లాసుల పళ్ళెంతో అమ్మ వచ్చింది. అడుగుపెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడి అరిచింది: “ఇది ఇల్లనుకున్నారా, బస్టాండనుకున్నారా? ఒక్కరన్నా చెప్పులు బయట ఇడిసినారా!”

నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. యంత్రం నన్ను అడిగిందీ అదే కదా! నేను బస్టాండనే చెప్పాను కదా! బస్టాండులో పక్కవాడి ప్రింటరుతో మనల్ని ఏ కాపలాదారు మాట్లాడనిస్తాడు? గబగబా మొదటి ప్రశ్న తెరిచి ‘ఇల్లు’ అని మార్చాను. అది ఇంకో ప్రశ్న వేసింది. నేను మళ్ళీ నిఘంటువు తెరిచాను.

“ఇంకేమంట?” అన్నాడు నాయన.

“ఈ నెట్‌వర్క్‌లో ఉండేవాళ్ళందర్నీ నమ్మతామా అని అడగతా ఉండాది.”

నాయన తలతిప్పి గదంతా ఒకసారి చూశాడు. రైతుల్ని, క్లీనరును, పేపరు పెద్దాయనను దాటి ఆయన చూపు మామ చేతిలోని పెన్‌డ్రైవ్ మీద ఆగింది. “ఈడు తప్ప అని పెట్టేదానికి వీలుండాదా?”

“బావా!” అన్నాడు మామ.

“పోనీలే, నమ్మతామని చెప్పు. ఏం చేస్తాం.”

నొక్కాను. ముందుగదిలో ప్రింటరు గర్జించింది. ఒక చీటీ వచ్చింది, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. నేను నొక్కినన్నిసార్లూ జ్ఞాపకం పెట్టుకుని మరీ వచ్చాయి. డ్రైవరు టీ చివరి గుక్క నోట్లో ఉండగానే పైచీటీ లాక్కుని పరుగెత్తాడు. లారీ మలుపు తిరిగేదాకా నాయన వాకిట్లోనే నిలబడి, లోపలికొచ్చి, మిగిలిన చీటీలవంకా నావంకా చూసి, “పుస్తకంలో ఇన్ని ఎయ్యమన్నారా?” అన్నాడు. గ్రంథాలయం మాట మాత్రం ఎత్తలేదు. అంతకు మించిన మెచ్చుకోలు మా నాయన దగ్గర ఉండదు.

ఇప్పుడు తిరుపతిలో నా బల్ల మీద మంచి కంప్యూటరే ఉంది. అది కూడా అప్పుడప్పుడు ఏదో అడుగుతుంది. ఏమడిగిందో చదవకుండానే ‘సరే’ అని నొక్కేస్తాను. నొక్కిన ప్రతిసారీ, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటకూ అర్థం వెతికిన ఆ కుర్రాడు జ్ఞాపకం వచ్చి సిగ్గుతో నవ్వుకుంటాను. ఈ మనిషెవరో లోపలికి వస్తానంటున్నాడని ఆ ఫైర్‌వాల్ ఇప్పటి నా గురించి ఆ కుర్రాణ్ణి అడిగి ఉంటే, ఒక్క క్షణం ఆలోచించకుండా ‘అడ్డుకో’ అని నొక్కేవాడు.