స్టాండు రాని పెళ్ళి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మేడ్చల్‌లో నాలుగు చినుకులు రాలితే నా నోట శామీర్‌పేట చెరువు అలుగు దూకుతుంది. ఇంటికి ఇద్దరు చుట్టాలొస్తే నేను చెప్పేసరికి అది జాతర అవుతుంది. నా భార్య నా మాటల్లో సగం కోసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగమే నమ్ముతుంది. అలా నమ్మినా ఇంకా మోసపోతూనే ఉన్నానని ఆవిడ ఫిర్యాదు. కాబట్టి ఇందులో వచ్చే బరువులు, జనం, విమానం వాళ్ళ కోపతాపాలు మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. నేనేమీ నొచ్చుకోను.

పోయిన వారం ఒక పెళ్ళి ఫోటోలు తీయడానికి వేరే ఊరికి పోవాల్సి వచ్చి శంషాబాద్‌లో విమానం ఎక్కబోయాను. కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా కెమెరా సంచిని తూకం మీద పెట్టించి, పచ్చిచేప కొనే మనిషిలా అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత నా చంకలో ఉన్న మూడు కాళ్ళ స్టాండు వైపు వేలు చూపించి, "సర్, అది క్యాబిన్‌లోకి రాదు, లగేజీలో వెయ్యండి" అంది. చాలా మర్యాదగానే అంది. నేను మాత్రం ఆ స్టాండును చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక లైనులోంచి ఎవరో, "అన్నా, ఇచ్చుడా, ఉంచుకునుడా, జర జల్దీ తేల్చు" అన్నారు. ఇచ్చేశాను. అది నల్లటి పట్టా మీద పడుకుని, రబ్బరు తెరలు తోసుకుని లోపలికి పోతుంటే, నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. మేడ్చల్‌లో ఆయనకు ఒక ఫోటో స్టూడియో ఉండేది. దానిలో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయటికి వెళ్ళి పీల్చుకుని రావాలి. నేను చదువు ఒంటబట్టక ఆయన దగ్గర లైటు పట్టుకునే పనిలో చేరి, లైటు పట్టుకుంటూనే తల నెరిసినవాణ్ణి. బావ చేతి నిలకడ గురించి చెబితే మీరు ఎలాగూ తగ్గించుకుంటారు గాని, దున్నుతున్న ట్రాక్టరు మీద కూర్చుని ఎగురుతున్న కొంగ కంటిరెప్పను ఫోటోలో పట్టేవాడాయన. బరాత్‌లో బ్యాండు మోతకు గుర్రం వణికి, గుర్రం మీది పెళ్ళికొడుకు వణికినా, బావ ఫోటోలో మాత్రం ఇద్దరూ రాతి బొమ్మల్లా నిలబడేవారు. పెళ్ళికి స్టాండు తెచ్చే ఫోటోగ్రాఫర్లంటే ఆయనకు మంట. మా వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఏ చేనులో చూసినా మూడు కాళ్ళ పరికరం పెట్టుకుని ఒంటికన్ను మూసినవాడు ఒకడుండేవాడు. "స్టాండు పట్టుకపోతే అది పెండ్లెట్ల అయితది బామ్మర్ది? సర్వే అయితది" అనేవాడు బావ.

అలాంటి మనిషి ఒకనాడు కోఠికి పోయి స్టాండు కొనుక్కొచ్చాడు. నేను చూసి నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే అప్పటికే కొంతకాలంగా ఆయన చాయ్ సగం గ్లాసే పోయించుకుంటున్నాడు. ఎవరైనా ఎదురుగా ఉంటే చల్లారాక తాగుతానని పక్కన పెట్టేవాడు. కుడిచేయి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. అడిగితే చలి అన్నాడు. మే నెలలో మేడ్చల్‌లో చలి! చివరికి నరాల డాక్టరు దగ్గరికి నన్నే తోడు తీసుకుపోయాడు. గోళీలతో చేతి వణుకు కొంత తగ్గుతుందనీ, పోనుపోను పెరుగుతుందనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి బండి ఎక్కుతూ బావ ఒక్కటే మాట అన్నాడు: "మీ అక్కకు జెప్పినవనుకో, నీ కాళ్ళిరగ్గొట్టి స్టాండుకు కడ్త."

శామీర్‌పేటలో ఒక పటేలు ఉన్నాడు. ఒకప్పుడు వరి, ఇప్పుడు వెంచర్లు. ఎన్నికలొస్తే కూడలిలో ఆయన ఫ్లెక్సీ కట్టడానికి ఆకాశం చాలదు. ఆ పటేలు పెళ్ళి తీసింది బావే. ఆయన కూతురిని తొట్టెలో వేసిననాడు తీసిందీ, ఓణీల ఫంక్షన్ తీసిందీ బావే. ఆ పిల్లకు ఈయన 'ఫోటోమామ'. చిన్నప్పుడు కెమెరా చూసి ఏడిస్తే, ఊరుకోబెట్టడానికి "నీ పెండ్లి గూడ నేనే తీస్త బిడ్డా" అని మాటిచ్చాడట. ఆ పిల్ల పెద్దదై, గోవాలో సముద్రం ఒడ్డున పెళ్ళి చేసుకుంటానని పట్టుబట్టి, స్టూడియో మెట్లెక్కి వచ్చింది. "వీడియోకు సిటీ నుంచి ఎవరెవరో వస్తున్నరు మామా. ఫోటోలకు మాత్రం నువ్వే. నువ్వు రాకుంటే నేను పీటల మీద కూసోను" అంది.

బావ చేయి జేబులోంచి తీయకుండానే తలూపాడు. ఆ పిల్ల వెళ్ళాక నాతో, "ఇదొక్కటి దీసి ఆపేస్త. పటేలుకు ఎరుక గావద్దు, గా పిల్లకు అసలే ఎరుక గావద్దు. స్టాండు ఉంటది, భయం లేదు" అన్నాడు.

అక్క మా ప్రయాణానికి చేసిన ఏర్పాట్లు దండయాత్రకు పోయే సైన్యానికి కూడా ఎక్కువే. పటేలు బిడ్డకు ఒడిబియ్యమని ఒక మూట, తీపి గరిజెల డబ్బా, మామిడికాయ తొక్కు. అప్పుడే జవహర్‌నగర్ వైపు నుంచి గాలి తిరిగి చెత్తగుట్ట వాసన కొడితే, ఆ గాలి సోకి తొక్కు పాడవుతుందని సీసాకు మూడు పొరలు చుట్టింది. ఆఖరున స్టాండు సంచి చూసి, "కొత్త సామాను, గీకుతరు తమ్మీ" అని తన పాత ఆకుపచ్చ చీర తెచ్చి దానికి తల నుంచి కాలి దాకా చుట్టి, కొంగుతో గట్టి ముడి వేసింది. మా ఇళ్ళల్లో విలువైనదేదీ చీర చుట్టకుండా ఊరు దాటదు. కుట్టుమిషన్ నుంచి కుక్కరు దాకా అన్నీ అలాగే బస్సెక్కాయి. మాకు అందులో వింతేమీ కనబడలేదు.

విమానాశ్రయంలో మొదలైంది అసలు తిప్పలు. చేతిసంచి ఏడు కిలోలు మించకూడదట. మా సంచిలో కెమెరా పట్టీయే అంత తూగుతుంది. బ్యాటరీలు కిందికి పోకూడదు, పైనే ఉండాలి. స్టాండు పైకి రాకూడదు, కిందికే పోవాలి. పక్కకు జరిగి బావ తన జేబుల కోటు తొడుక్కున్నాడు. అది వేసుకుంటే ఆయన నడిచే కిరాణా కొట్టు. లెన్సులన్నీ జేబుల్లో కుక్కి మళ్ళీ సంచిని తూకం మీద పెట్టాం. తూకం ఒప్పుకుంది. కౌంటరు అమ్మాయి ఉబ్బిన బావను చూసి నిట్టూర్చి, స్టాండుకు కట్టాల్సిన చీటీని దొరికిన చోట కట్టేసింది. దొరికింది చీర కొంగు ముడి. ఎవరం పట్టించుకోలేదు.

తనిఖీ దగ్గర అధికారి కోటు విప్పమన్నాడు. బావ ఒక్కో జేబులోంచి ఒక్కో లెన్సు తీస్తుంటే, గారడీవాడు నోట్లోంచి కోడిగుడ్లు తీస్తున్నట్టు జనం గుమిగూడారు. "ఔర్ కిత్నే హై?" అన్నాడు అధికారి, ఇంకా ఎన్నున్నాయని విసిగిపోయి. "బస్ సాబ్, అబ్ సిర్ఫ్ కిడ్నీ బాకీ హై" అన్నాడు బావ, ఇక మిగిలింది కిడ్నీయేనని. అధికారి నవ్వు ఆపుకున్నాడు గాని, అంతలోనే ఆయన చూపు బావ కుడిచేతి మీద పడింది. పళ్ళెంలో లెన్సు పెడుతుంటే అది టకటకమని కొట్టుకుంటోంది. "డర్ క్యోఁ రహే హో?" అంటూ, ఎందుకా భయమని గొంతు మార్చి అడిగాడు. బావ చేతిని వెనక్కి పెట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా, "పహలీ బార్ హై సాబ్. ఇమానం" అన్నాడు, ఎక్కడం ఇదే మొదటిసారని. ఆయన నమ్మి పంపేశాడు. నేను కోటు తొడుగుతుంటే బావ నా వైపు చూడలేదు.

గోవాలో దిగి సామాను పట్టా దగ్గర నిలబడ్డాం. గరిజెలు వచ్చాయి. తొక్కు వచ్చింది. ఒడిబియ్యం వచ్చింది. చాలాసేపటికి అక్క ఆకుపచ్చ చీర, కొంగుముడికి చీటీతో, ఒక్కటే వచ్చింది. లోపల ఏమీ లేదు. పట్టా మీద పొడుగ్గా పరుచుకుని, ఎవరి కోసమో వెతుక్కుంటున్నట్టు మా ముందు నుంచే పోయింది. మేము తీయకపోతే మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చింది. చీర పట్టుకుని కంప్లైంట్ల కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అక్కడున్నాయన చీటీ మీది నంబరును కంప్యూటరులో చూసి, "మీ సామాను చేరిందండీ" అని హిందీలో అన్నాడు. చేరింది చీర, సామాను స్టాండు అని నా హిందీ అయిపోయేదాకా చెప్పాను. ఆయన చీరనూ చీటీనీ మార్చి మార్చి చూసి, "నంబరు కరెక్టే కదా" అన్నాడు. చీటీ లేని స్టాండు ఏ ఊరి విమానం ఎక్కిందో ఎవరికీ తెలియదు. అది ఇప్పటికీ దొరకలేదు.

బావ అరవలేదు. అక్క చీరను నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకున్నాడు. "పొద్దున్నే ముహూర్తం" అన్నాడు. అంతే.

వీడియో వాళ్ళ దగ్గర స్టాండ్లున్నాయి, ఒకటి అడుగుతానన్నాను. "అడిగితే ఎందుకంటరు. ఇన్నేండ్లు చేత్తో తీసినోనికి ఇయ్యాల ఏం రోగమొచ్చిందంటరు" అన్నాడు. పొద్దున మండపం దగ్గర కాసేపు మొండిగా చేత్తోనే తీశాడు. కెమెరా తెరమీద చూసుకున్నాడు. పెళ్ళికూతురి ముక్కుపుడక నాలుగు ముక్కుపుడకలైంది. అప్పుడు నా వెనక్కి వచ్చి, లెన్సును నా ఎడమ భుజం మీద ఆనించి, "కదలకు. ఊపిరి నేను జెప్పినప్పుడు దీస్కో" అన్నాడు.

అలా నేను స్టాండునయ్యాను. జీలకర్ర బెల్లానికి వంగాను, కన్యాదానానికి మోకాలేశాను. బంధువులు నన్ను తొక్కారు, పిల్లలు నా కాళ్ళ మధ్య దూరారు, ఒక పెద్దావిడ నన్ను మండపం గుంజ అనుకుని కొబ్బరికాయల సంచి తగిలించబోయింది. పటేలు తలపాగా సవరించుకుంటూ వచ్చి, "ఏందయ్యా గిది? మనిషి మీద కెమెరా?" అన్నాడు. బావ తడుముకోకుండా, "కొత్త టెక్నిక్ పటేలా. బామ్మర్ది స్టాండు. ఎంత బరువైనా మోస్తది, కూలి అడగది" అన్నాడు. పటేలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, నలుగురినీ పిలిచి చూపించాడు. నేనూ నవ్వాను. నా భుజానికి మాత్రం నవ్వు రాలేదు. దాని మీద వైబ్రేషన్‌లో పెట్టిన ఫోనులా ఆ వణుకు ఆగకుండా మోగుతూనే ఉంది. రోజూ పక్కపక్కనే తిరిగాం గాని, అది ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది.

పుస్తె కట్టే వేళ వచ్చింది. భజంత్రీలు హోరెత్తించాయి. పిల్ల తల వంచుకునే ముందు ఒక్కసారి తలెత్తి, జనంలో ఫోటోమామ ఎక్కడున్నాడా అని వెతికింది. మమ్మల్ని చూసి నవ్వింది. ఆ నవ్వుతోపాటే నా భుజం మీద వణుకు ఆగిపోయింది. పూర్తిగా. నడి చెరువులో గాలి పడిపోయినట్టు. క్లిక్‌మంది. ఒక్కటే క్లిక్కు. ఆ ఫోటోలో పిల్ల నవ్వూ, పెళ్ళికొడుకు వేళ్ళ సందున పసుపు దారం, గాల్లో ఆగిన అక్షింతలు, ఒక్కో గింజా లెక్కపెట్టుకోవచ్చు. అది ఇప్పుడు శామీర్‌పేటలో పటేలు ఇంటి హాల్లో గోడంత ఉంది. వచ్చిన ప్రతివాడికీ ఆయన చూపిస్తాడు: "మా ఫోటో అన్న చేతి పనితనం. గసుంటి చెయ్యి మల్ల పుట్టది."

ఆ తరువాత బావ పెళ్ళి తీయలేదు. స్టూడియోలో కుర్చీలో కూర్చుని, నేను పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటే గడ్డం ఎత్తమనీ దించమనీ వచ్చినవాళ్ళకు చెబుతుండేవాడు. అక్కకు ఎప్పుడో తెలిసిపోయిందనీ, సగం గ్లాసు చాయ్ నాటి నుంచే తెలుసనీ, ఆయన దాచుకుంటున్నాడు కదా అని తనూ దాచిందనీ ఆయన పోయాకే చెప్పింది. ఇప్పటికీ పటేలు ఇంట్లో శుభకార్యమైతే అక్క వెళ్ళి ఆ ఫోటో ముందు కాసేపు నిలబడి వస్తుంది. "ఆ నిమిషం గా వణుకు ఎట్ల ఆగిందిరా తమ్మీ? చెప్పు, మల్లొక్కసారి చెప్పు" అంటుంది. చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచే చెబుతాను.

ఇక్కడి దాకా చదివారు కాబట్టి, ఇందులో నేను కల్పించింది ఏదో కూడా చెప్పాలి. చీర ఒక్కటే రావడం అబద్ధమనుకుంటారు, అది నిజం. కొబ్బరికాయల సంచి కూడా చాలావరకు నిజమే. వణుకు ఆగడమే అబద్ధం. ఆ పిల్ల తలెత్తి మా వైపు నవ్వినప్పుడు అది ఇంకా ఎక్కువైంది. బావ కెమెరాను నా భుజం మీద నుంచి తీసి నా చేతుల్లో పెట్టి, "నాతోని గాదు. నువ్వు గొట్టు, జల్దీ" అన్నాడు. నేను క్లిక్కు కొట్టాను. తిరిగి చూస్తే ఆయన అందరికీ వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఊరూరా ఇంటింటా ఇతరుల క్షణాలను ఆపి గోడకు తగిలించిన మనిషి కోసం కాలం ఆ ఉదయం ఒక్క లిప్త కూడా ఆగలేదు. అందుకే నేను దాన్ని మాటల్లో ఆపుతూ వస్తున్నాను.