నాయన కట్టిన ముడుపు

నేను కుప్పంలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సును. గజ్జల్లో పేగు జారినవాళ్ళకు చేసే ఆపరేషన్లు మా దగ్గర ఎక్కువ. మనిషికి మత్తిచ్చి పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తే అది పూరీలా పొంగుతుంది. బొడ్డు దగ్గర ఒక చిల్లు, పక్కన ఇంకో రెండు. ఒక చిల్లులోంచి కెమెరా లోపలికి పోతుంది. కండరంలో ఉన్న సందు, అందులోకి దూరిన పేగు తెరమీద కనిపిస్తాయి. పేగును మెల్లిగా వెనక్కి లాగి, ఆ సందు మీద వల పరుస్తారు. మరునాడో, ఆ మరునాడో మనిషి నడుచుకుంటూ ఇంటికి పోతాడు. మా నాయన ఆ పేగు జారడంతోనే చచ్చిపోయాడు.

నాయన మదనపల్లె టమోటా మండీలో హమాలీ. ఇల్లు పుంగనూరులో, బాడుగది. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. తెల్లారకముందే లేచి అన్నం వండి, నాకు జడ వంకరటింకరగా వేసి, బస్సెక్కి మండీకి పోయేవాడు. దింపే లారీలుంటే దింపడం, ఎక్కించేవుంటే ఎక్కించడం. టమోటా బాక్సులు మోసి మోసి ఆయన మెడ ఒక పక్కకు ఒరిగింది. నేను నర్సింగ్ చదివింది ఆ మెడ మీదే.

కుప్పం నుంచి నెలకు ఒకటి రెండు ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. వచ్చీ రాగానే నా పెత్తనం మొదలయ్యేది. ఒక ఆదివారం ఆయన స్నానానికి పోయినప్పుడు దుప్పట్లు ఉతుకుదామని పక్క ఎత్తాను. తలగడ కింద పసుపు పట్టిన చిన్న గుడ్డ, అందులో పాతకాలపు పెద్ద రూపాయి బిళ్ళ, గట్టిగా ముడేసి ఉంది. మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు, అది కొండమీది స్వామికి కట్టిన ముడుపు. తలగడ కింద ముడుపు పెట్టుకుంటారా ఎవరైనా! లెంపలేసుకుని, దాన్ని కళ్ళకద్దుకుని, తీసుకుపోయి స్వామి పటం ముందు పెట్టాను.

నాయన తల తుడుచుకుంటూ వచ్చి పటం వైపు చూశాడు. మళ్ళీ తలగడ వైపు చూశాడు.

"ఏం మొక్కు నాయనా అది?" అన్నాను.

"ఆ... నీ ఉద్యోగం పర్మినెంటు కావాల్నని మొక్కుకున్యా పాపా."

నేను ఏడ్చినంత పని చేశాను. కుప్పం పోయి మా సిస్టర్లందరికీ చెప్పుకున్నాను, మా నాయన నాకోసం ముడుపు కట్టాడని.

అది ముడుపు కాదు. అసలు సంగతి నాయన పోయాక ఆయనతో బాక్సులు మోసే హమాలీ చెప్పాడు. పేగు దిగే చోట బిళ్ళ పెట్టి, పైన పాత పంచె చింపుతో అదిమి కట్టుకుంటే బరువెత్తినప్పుడు దిగదని మండీలో ఎవరో నేర్పారట. ఒరుసుకుని పుండు పడితే నాయన పసుపు రాసుకునేవాడు. గుడ్డకు పట్టింది ఆ పసుపు. పడుకుంటే పేగు దానంతటదే లోపలికి పోతుంది కాబట్టి కట్టు విప్పి తలగడ కింద పెట్టుకునేవాడు. నేను ఒకటి దేవుడి ముందు పెట్టేశాక ఇంకో బిళ్ళతో ఇంకోటి చేసుకున్నాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టును నేనే. ఒకసారి ఫోన్లో అడిగాడు కూడా.

"మండీలో మావోడొకనికి పేగు జారతాండాదంట పాపా. మీ ఆస్పత్రిలో ఆ ఆపరేషనుకాడ ఆడోళ్ళు కూడా ఉంటారా?"

"ఉండక! నేనే ఉంటా. డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాచకూడదని చెప్పు మీవోడికి. సిగ్గుపడే వయసా? మేం రోజూ సూసేదే."

"అట్లేలే, చెప్తా," అన్నాడు. ఆ మావోడు ఎవరని నేను అడగలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నా నోరు నాకే శత్రువు.

ఉద్యోగం నిజంగానే పర్మినెంటయింది. స్వామి మాట నిలబెట్టుకున్నాడు, ఇక మనం ఆలస్యం చేస్తే ఊరుకుంటాడా అని నేను పట్టుబట్టాను. కొండకు నడిచే పోవాలన్నాను.

"బస్సులో పోదాంలే పాపా. యాల ఇంత కష్టం?"

"కట్టింది నువ్వు, కష్టమంటాండేది నువ్వు. మొక్కంటే ఊరికే తీరతాదా నాయనా?"

నోరు తెరిచి నిజం చెప్పడానికి అదే ఆయనకు మంచి అవకాశం. చెప్పలేక నా వెనక మెట్లెక్కాడు. కొన్ని మెట్లకొకసారి నిలబడి, నా వైపు వీపు తిప్పి, పంచె సర్దుకున్నట్టు ఒక చెయ్యి కిందికి అదిమి పట్టుకునేవాడు. "లారీలకు లారీలు ఎత్తే మొనగాడివి, మెట్లకు ఇంత ఆయాసమా!" అని ఎగతాళి చేశాను. పక్కన పోతున్న వాళ్ళు కూడా నవ్వారు. నాయనా నవ్వాడు. మోకాళ్ళ మెట్ల దగ్గర ఆయన ముఖమంతా చెమట. దర్శనం చేసుకుని, ముడుపు హుండీలో వేసి, లెంపలేసుకున్నాడు. మొక్కనే మొక్కని మొక్కు తీర్చాడు.

తిరుగు బస్సులోనే వాంతులు. పలమనేరు దాటేసరికి మనిషి ముడుచుకుపోయాడు. ఇంట్లో పడుకోబెట్టి ఎక్కడ నొప్పి అని అడిగితే బొడ్డు పైన చూపించాడు. గ్యాసే, ఎండలో నడిచినాం కదా అన్నాడు. నేను పొట్ట తడిమాను. చెయ్యి ఇంకొంచెం కిందికి పోగానే గట్టిగా పట్టుకున్నాడు. ఎన్నో పొట్టలు చూసిన దాన్ని, అప్పుడైనా నాకు బుద్ధి వెలగాల్సింది. జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను. ఒక మాత్ర ఇచ్చాను. నర్సునై ఉండి జీలకర్ర నీళ్ళు ఇచ్చాను.

తెల్లారేసరికి పొట్ట గట్టిపడింది. మదనపల్లెలో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాను. డ్యూటీ డాక్టరు పంచె మీద చెయ్యి వేయగానే నాయన, "పాపను బయటికి పంపించప్పా," అన్నాడు. నేను నర్సునని చెప్పాను. "పంపించప్పా," అని మళ్ళీ అన్నాడు, దండం పెట్టి. నేను బయటికి వచ్చేశాను.

కాసేపటికి డాక్టరు వచ్చి చెప్పాడు. పేగు సందులో ఇరుక్కుని నల్లబడిపోయిందట. చిల్లులతో చేసే దశ దాటిపోయింది, పొట్ట కోయాలి, కుళ్ళిన పేగు తీసేయాలి. నేను కాగితాల మీద సంతకం పెట్టాను. లోపలికి రానివ్వమని అడిగితే ఆ థియేటర్ వాళ్ళు కాదనేవాళ్ళు కాదేమో. ఆయన పెట్టిన దండం కళ్ళముందు ఉండి అడగలేకపోయాను. ముక్కూముఖం తెలియని మగవాళ్ళు ఎందరికో తల దగ్గర నిలబడి, మత్తు ఎక్కేదాకా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పినదాన్ని. మా నాయనకు ఆ చెయ్యి లేదు.

మూడో రోజుకు విషం ఒళ్ళంతా పాకింది. ఆ పొద్దున కాసేపు తెలివిలో ఉన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. పెదవులకు తడిగుడ్డ అద్దుతూ వంగాను. ఏదైనా అప్పగింత చెబుతాడేమో, నన్ను తిడతాడేమో అనుకున్నాను.

"ఆపరేషనప్పుడు నువ్వు లోపలికి రాలేదు కదమ్మా?"

"రాలేదు నాయనా."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు. బయటే ఉంటి."

నిమ్మళంగా ఊపిరి వదిలి, నా చెయ్యి మీద రెండుసార్లు తట్టి, కళ్ళు మూసుకున్నాడు.