ఉప్పు చూసే ముద్ద

మా పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను హోసూరులో, మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టిఫిన్ ముందు కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది అమ్మ.

"పొద్దున్నే సంగటి తినింది. చెయ్యి కడుక్కొని గోడకు ఆనుకొని కూర్చునింది. పిలిస్తే పలకలేదమ్మా," అంది. "నువ్వు ఆ తినేదేదో తినేసి బస్సెక్కు. ఈడ ఈ పొద్దు పొయ్యి వెలిగించేది లేదు."

బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. దాని వెనకే, ఎందుకో, చిన్న నవ్వు కూడా వచ్చింది. తినకుండా మాత్రం పోలేదు మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్న భార్య. కృష్ణగిరి దగ్గర మా ఊళ్లో, మా అవ్వ కాలం నుంచీ రెండు కుటుంబాలకూ ఒకటే పొయ్యి. కూర అమ్మ వండేది, సంగటి పెద్దమ్మ గెలికేది. రాగిపిండి ఉడికాక తెడ్డుతో గట్టిగా గెలికి, తడిచేత్తో ముద్దలు చేసి పెద్ద గిన్నెలో పేర్చేది. మొదటి ముద్ద మాత్రం గిన్నెలోకి పోయేది కాదు. ఆమె తట్టలోకి, అంటే కంచంలోకి, పోయేది. పొయ్యి పక్కనే పీట వేసుకుని, అందరూ చూస్తుండగానే, పొగలు కక్కే ముద్దను తినేసి, ఆ తర్వాత మిగతావాళ్లను పిలిచేది.

మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ తిన్నాక ఆడవాళ్లు తినడం మా ఇళ్లలో మర్యాద. అవ్వకు ఒళ్లు మండేది.

"బిడ్లు తినకముందే తినేది, ఇదేమి తల్లి?"

"వండినాక ఉప్పు చూడాల్నా, వద్దా అత్తా?"

"ఉప్పు చూసేదానికి ముద్దంతా కావాల్నా?"

"నా నాలుకకు తెలివి తక్కువ. రోంత తింటే తెలీదు."

మా అమ్మ దీనికి పూర్తిగా ఎదురు. అందరూ లేచాక, గిన్నె అడుగున అంటుకున్నది గోకి, పులుసు నీళ్లు కలుపుకుని నిలబడే తాగేసేది. ఏమీ మిగలని రోజు ఆకలి లేదనేది. ఊళ్లో వాళ్లు మా ఇద్దరమ్మలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడేవారు. తల్లంటే చిన్నకోడలు, పెద్దకోడలికి కడుపే దేవుడు అని. పెద్దమ్మ ఆ మాట విని, "కడుపు దేవుడైతే పూజ చెయ్యాల్సిందే కదా," అనేది.

పెద్దమ్మ దేవత అని నేను రాయడం లేదు. ఆమెది దురుసు నోరు. నన్ను బడి మాన్పించి మామిడి మండీలో పనికి పంపుదామని పెద్దవాళ్లు అనుకున్నప్పుడు అడ్డం నిలబడింది కూడా ఆమె కాదు, మా అమ్మే. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. అది అమ్మ మొండితనం వల్ల జరిగింది. అందుకే పదో తరగతిలో నాకు బడిలో మొదటి స్థానం వచ్చినప్పుడు అమ్మను స్టేజి మీదికి పిలిచారు.

మా వైపు బళ్లలో అప్పట్లో కొత్తగా ఒక పద్ధతి వచ్చింది. తల్లులను కుర్చీల్లో కూర్చోబెట్టి పిల్లల చేత కాళ్లు కడిగిస్తారు. నేనూ ఇత్తడి తాంబాళంలో అమ్మ కాళ్లు పెట్టి కడిగాను. పసుపు రాస్తుంటే నా బొటనవేలు ఆనిన చోట చిన్న గుంత పడింది. వేలు తీశాక కూడా అది పూడలేదు. ఎండలో పనిచేసే కాళ్లు ఇలాగే ఉంటాయేమో అనుకున్నాను. మైకులో పెద్దమనిషి ఒకాయన, ఈ తల్లి తాను పస్తుండి బిడ్డను చదివించింది, తల్లంటే ఇలా ఉండాలి అని చెబుతున్నాడు. ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. అమ్మకు శాలువా కప్పారు.

ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఇంటికి నడిచి వస్తూ నన్ను అడిగింది. "కాళ్లు కడిగినావు, బాగుంది. ఆ కాళ్లు యాల ఊదినాయని అడిగినోళ్లు ఒకరన్నా ఉన్నారా ఆడ?"

ఆ సభ తర్వాత అమ్మ ఇంకా తక్కువ తినడం మొదలుపెట్టింది. ఎవరింటికి వెళ్లినా "స్టేజి ఎక్కిన తల్లి" అని పిలిచేవారు. ఒకరోజు పెద్దమ్మ ముద్ద పెట్టి కూర్చోమంటే, "ఊరంతా అట్ల చెప్పినాక నేను ముందర కూర్చొని ఎట్ల తినేది అక్కా?" అంది.

"ఊరు నీకు శాలువా కప్పింది గాని సంగటి పెట్టలేదే," అంది పెద్దమ్మ.

అమ్మ తినలేదు. ఆ మామిడి కాలంలో, మండీలో కాయలు ఏరుతూ ఏరుతూ గంపల మధ్యనే పడిపోయింది. పెద్దమ్మే ఆటోలో వేసుకుని కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది, ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగేది, వెంటనే రక్తం ఎక్కించాలి అన్నారు డాక్టరమ్మ. అవ్వ మంచం పక్కన నిలబడి, నిజంగా ప్రేమతోనే, "బిడ్ల కోసం పానమైనా ఇచ్చే తల్లి," అంది.

"ఇచ్చేసినాక ఆ బిడ్లకు తల్లి యాడనుంచి వస్తాది అత్తా?" అంది పెద్దమ్మ.

నేను ఇప్పటికీ ఆ మాటకు జవాబు వెతుకుతూనే ఉన్నాను.

రక్తం ఎక్కుతుండగానే అమ్మ ఇంటికి పోతానని మొదలుపెట్టింది. పెద్దమ్మ కూడా ఇక్కడే ఉంటే ఇంట్లో సంగటి ఎవరు గెలుకుతారని ఆమె బాధ. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడిన మా నాన్న వైపు తిరిగింది. "ఏమప్పా, మామిడి గంపలెత్తే చేతులకు తెడ్డు బరువైపోతాదా?"

ఆ రోజు నాన్న గెలికిన సంగటి నిండా ఉండలే. మా తమ్ముడు, "నాయినా, ఇది సంగటా, గోలీలా?" అన్నాడు. నాన్న నవ్వాడు. మరుసటి రోజు ఉండలు కొంచెం తగ్గాయి.

అమ్మ ఇంటికి వచ్చాక పెద్దమ్మ పొయ్యి పక్కన రెండో పీట వేసింది. మొదటి రెండు ముద్దలూ ఇద్దరివి. అమ్మ మొదట్లో తలుపు చాటుకు జరిగి, దొంగతనం చేసినట్టు తినేది. తర్వాత జరగడం మానేసింది. కాళ్ల వాపు పోయింది, ముఖంలో రంగు వచ్చింది. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు మాత్రం పాత అమ్మ అయిపోయేది, అందరూ లేచేదాకా నీళ్లు కూడా ముట్టేది కాదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెడితేనే కూర్చునేది. ఆ చెయ్యి ఇక లేదు. బస్సులో నా భయమంతా దాని గురించే.

ఇంటికి చేరేసరికి పెద్దమ్మ కొడుకు, మా అన్న, వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు "మీ అమ్మకు నీమీద ప్రేమ లేదురా" అని ఊరు ఏడిపించింది వాడినే. వాడు నాతో మెల్లగా అన్నాడు. "మా అమ్మ తినిందో లేదో అని నేను ఒక్క పొద్దు కూడా దిగులు పడలేదు పాపా. తినింది నా కండ్లతో చూసినాకే నేను తినేది. అట్ల పెంచింది."

మా అమ్మ పస్తులను తలచుకుని నేను ఎన్నిసార్లు అన్నం సగంలో వదిలేశానో నాకు తెలుసు. వాడి మాట నాకు బాగా అర్థమైంది.

కర్మ రోజున డెంకణికోట నుంచి కూడా చుట్టాలు వచ్చారు. ఆమెకు ఇష్టమని సంగటి, అనపగింజల పులుసు చేశారు. ఈసారి తెడ్డు పట్టింది నాన్న. ముద్దలు చేసింది అమ్మ. మొదటి ముద్ద పెద్దమ్మ ఫోటో ముందు ఆకులో పెట్టింది. పెద్దవాళ్లెవరో, "ఇంక మొగోళ్లకు ఆకులు వెయ్యండమ్మా," అన్నారు. ఆకులు పరుస్తూ నేను వెనక్కి తిరిగి చూశాను.

అమ్మ రెండో ముద్దను తట్టలో వేసుకుని, పొయ్యి పక్కన పెద్దమ్మ పీట మీద కూర్చుంది. వసారా అంతా చుట్టాలు.

"ఏమమ్మా, అప్పుడే కూర్చున్నావు?" అంది ఒక ముసలామె.

"ఉప్పు చూస్తా ఉండాను," అంది అమ్మ.

వేడి ముద్ద నడుమ బొటనవేలితో మెత్తగా ఒక గుంత చేసింది. పక్కనే ఉన్న నాన్న గరిటె నిండా పులుసు తీసుకుని ఆ గుంతలో పోశాడు.