పోయిండంటే వెళ్ళాడని

మాది కోనసీమ. మా వైపు మనిషి ‘పోయాడు’ అంటే ఇక రాడనే. బజారుకెళ్ళిన తాతయ్యని పొరపాటున పోయాడన్నానని అమ్మమ్మ నెత్తి మీద మొట్టికాయ వేసింది, ఇప్పటికీ గుర్తే. అతనిది జగిత్యాల పక్కన పల్లె. వాళ్ళు డ్యూటీకీ పోతారు, సినిమాకీ పోతారు, పెళ్ళికీ పోతారు. ఇద్దరం కలిసింది ఖతర్‌లో. నేను అల్ ఘర్రాఫాలో లేడీస్ పార్లర్‌లో పనిచేసేదాన్ని. అతను ఎలక్ట్రీషియన్, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉండేవాడు.

తెలుగువాళ్ళ శుక్రవారం భోజనాల్లో పులిహోర వడ్డిస్తుంటే, “గింతేనా? పిసినారి లెక్క వడ్డిస్తున్నవ్,” అన్నాడు. “కదలండి బాబూ, వెనకాల జనం ఉన్నారు,” అన్నాను. పై శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మళ్ళీ నా ముందే నిలబడ్డాడు. ఇక ఆ తరవాత శుక్రవారాలన్నీ మావే. సముద్రం పక్కన నడిచేవాళ్ళం, కరక్ చాయ్ తాగేవాళ్ళం, తగవులాడుకునేవాళ్ళం. “నేను పోతున్న” అని బస్సెక్కబోతే చొక్కా పట్టుకుని లాగేదాన్ని. “వెళ్ళొస్తాను అని ఏడువు. లేకపోతే చంపేస్తాను.”

“సంపితే పోయినట్టే గదా,” అని నవ్వేవాడు.

అంతలో యుద్ధం వచ్చింది. మనకేంటిలే, ఎవరెవరో కొట్టుకుంటున్నారు అనుకున్నాం. ఒక సాయంత్రం పార్లర్ అద్దాలు గడగడలాడాయి. అందరి ఫోన్లూ ఒక్కసారే కూశాయి, బయటికి రావద్దని. వెంటనే అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే అతని రూమ్మేట్ ఎత్తాడు. మా పెళ్ళి కాకపోయినా నన్ను వదినా అనే పిలిచేవాడు.

“వదినా, ఆయన పోయిండు.”

బావురుమన్నాను. నా ఏడుపు విని పాపం ఆ కుర్రాడు హడలిపోయాడు. “అయ్యో వదినా, అల్ రువైస్ పోయిండు! డ్యూటీకి! ఫోన్ రూంల మర్శిండు!” క్యాంపంతా ఈ కథ పాకింది. కనిపించిన ప్రతివాడూ నన్ను చూసి ముసిముసిగా నవ్వడమే. ఛీ, సిగ్గుతో చచ్చాను. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, వాళ్ళ తెలుగు నేర్చుకోవాలని.

పెళ్ళిళ్ళు మాత్రం ఆగలేదు. గోరింటాకు పెడుతుంటే ఫోన్లు కూసేవి, పెళ్ళికూతురు చెయ్యి కదిపేది, డిజైన్ అలుక్కుపోయేది. తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని. నాకు భయం బాంబుల గురించి కాదు. విమానాలు ఆగిపోయాయి. మా నాన్నని ఫోన్లో అడగడం మర్యాద కాదని, ఊరెళ్ళి ఎదురుగా కూర్చుని అడుగుతానని అతను మాటిచ్చాడు. ఆ ఒక్క మాటా అయిపోతే చాలు దేవుడా అనుకునేదాన్ని.

ఈలోగా నా చెవి మారింది. అన్నం తెచ్చుకోను పోయిండు, తానానికి పోయిండు, రువైస్ పోయిండు. రూమ్మేట్ ఏమన్నా గుండె ఝల్లుమనేది కాదు.

విమానాలు మొదలయ్యాయి. అతనికి టికెట్ దొరికింది. రువైస్‌లో మిగిలిన పని పూర్తి చేసి మర్నాడే ప్రయాణం. ఆ పనికి బయల్దేరుతూ పొద్దున్నే ఫోన్ చేసి, అచ్చం నాలా సాగదీస్తూ, “వెళ్ళొస్తానండీ,” అన్నాడు. మీ నాన్న ముందు తప్పు రావద్దని ప్రాక్టీసట. నవ్వాను. కానీ ఎందుకో మనసుకి పట్టలేదు. ఆ మాట అతని నోట్లో ఎరువు తెచ్చుకున్న చొక్కాలా ఉంది.

మధ్యాహ్నం ఫోన్లు మళ్ళీ కూశాయి. ఈసారి ఎక్కడా ఏమీ పడలేదు. అద్దాలు కూడా కదల్లేదు. పెళ్ళికూతురు మాత్రం చెయ్యి కదిపింది. విసుక్కుంటూ తుడుస్తుంటే రూమ్మేట్ ఫోన్. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

“అక్కా, ఆయన పోయిండు.”

“ఎటు పోయిండు?” అన్నాను, అచ్చం వాళ్ళలాగే, నవ్వుతూ.

 కుర్రాడు వెక్కుతూ చెప్పాడు. పని ముగించుకుని రువైస్ నుంచి తిరిగొస్తున్నారట. వ్యాన్‌లో అందరి ఫోన్లూ ఒక్కసారే కూసేసరికి డ్రైవర్ ఉలిక్కిపడ్డాడట. వ్యాన్ బోల్తా కొట్టిందట.

వీడు నన్ను వదినా అనలేదని నాకప్పుడు తెలిసింది.